తుపాకి డమ్మీది కాదు!

సినిమాలో విలన్ తుపాకి పేల్చగానే ఈలలు వేస్తాం. అది డమ్మీ అని మీకూ తెలుసు, నాకూ తెలుసు. కనుకే హాయిగా వేస్తాం! లాటిన్ ట్రాప్ పాటలతో వచ్చిన చిక్కల్లా అక్కడే. అక్కడి అభిమాని ‘ఆ తుపాకి నిజందేనా?’ అని ఆరా తీస్తాడు. నిజందైతేనే చప్పట్లు.

ఈ పాటల పుట్టిల్లు ప్యూర్టోరికో. అమెరికా ఏలుబడిలో వున్న కరీబియన్ దీవి, మాట్లాడేది స్పానిష్. ‘ట్రాప్’ అంటే అట్లాంటా వీధిభాషలో మత్తుమందులమ్మే కొంప. అక్కడి నల్లజాతి కుర్రాళ్ళ రాప్ నుంచి ఆ పేరూ, గుండెలదిరే ఆ బేసూ ఈ దీవికి చేరాయి.

పాటల్లో ఏముంటుందంటారా? మెడనిండా బంగారం, నోట్లకట్టలు, తళతళలాడే కార్లు, వెన్నుపోటు పొడిచిన నేస్తం, పగ. (ఆ కార్లలో సొంతవెన్నో అద్దెవెన్నో నన్నడక్కండి. మన సినిమాల్లో జమీందారు బంగళా సంగతి మీకు తెలియనిదా!) కానీ పగ మాత్రం సెట్టింగు కాదు. అక్కడ పేదలకు సర్కారు కట్టించిన ఇళ్ళపేటల్ని ‘కసెరియో’లంటారు. 1993లో గవర్నరు పెద్రో రొసెయో వాటి మీదికి సైనికుల్నే పంపాడు. అయినా 2011లో, నలభై లక్షల మంది కూడా లేని ఆ దీవిలో, వెయ్యికి పైగా హత్యలు జరిగాయి.

ఇక అనుయెల్ ఏ.ఏ. కథ వినండి. ఇతను కసెరియోలో ఆకలితో పెరిగిన పిల్లాడేం కాదు, తండ్రి సోనీ మ్యూజిక్ కంపెనీలో పెద్ద ఉద్యోగం చేసినవాడు. 2016 ఏప్రిల్‌లో పోలీసులు ఇతన్ని పిస్టళ్ళతో సహా పట్టుకున్నారు. ముప్ఫై నెలల శిక్ష పడింది. పాటగాడి పని అయిపోయిందనుకుంటాం కదా? అయిపోలేదు సరికదా, గిరాకీ పెరిగింది! ‘అనుయెల్‌ని వదలండి’ అంటూ అభిమానుల గోల. 2018 జూలై 17న విడుదలయ్యాడు. సరిగ్గా ఆ రోజే ఆల్బమూ విడుదల! దాని పేరుకు అర్థం ‘చచ్చేదాకా అసలైనవాణ్ణే’. జైలుగేటునే ప్రీమియర్ షో చేసుకున్నాడన్నమాట. వ్యాపారం తెలిసినవాడని మెచ్చుకోవచ్చు గానీ, అది చూసిన పదహారేళ్ళ కసెరియో కుర్రాడికి ఏం తోచివుంటుందో తలచుకుంటే నాకు వొళ్ళు జలదరిస్తుంది. వాడికి సోనీలో తండ్రి లేడు.

కెవిన్ ఫ్రెట్‌ది ఇంకో కథ. తాను స్వలింగ ప్రేమికుణ్ణని బాహాటంగా చెప్పుకుని మరీ ట్రాప్ పాడాడు. మగతనం మీసాలు మెలేసే ఆ లోకంలో అదేం చిన్న సాహసం కాదు. 2019 జనవరి 10 తెల్లవారుజామున, శాన్ హువాన్‌లో మోటార్‌సైకిల్ మీద పోతుండగా కాల్చి చంపారు. ఇంకా కుర్రవాడే.

మరి బాడ్ బన్నీ? తల్లి స్కూలు టీచరు, తండ్రి లారీ డ్రైవరు. ఇతను సూపర్‌మార్కెట్లో సామాను సంచుల్లో సర్దుతూ పాటలు కట్టాడు. పిస్టలూ లేదు, జైలూ లేదు. అయినా 2020లో, పూర్తిగా స్పానిష్‌లో వుండి అమెరికా బిల్‌బోర్డు పట్టికలో మొదటిస్థానం కొట్టిన తొలి ఆల్బమ్ ఇతనిదే! ‘అసలైనవాడు’ అనిపించుకోడానికి తుపాకే పట్టనక్కర్లేదని నేనంటే కొట్టిపారేసే మిత్రులకు ఇతన్నే చూపిస్తుంటాను.

అన్నట్టు, 2019 జూలైలో ఇతను యూరప్ కచేరీలు ఆపుకుని శాన్ హువాన్ వీధుల్లో జనంతో కలిసి నడిచాడు. ఆ ఊరేగింపుల దెబ్బకు రాజీనామా చేసిన గవర్నరు రికార్డో రొసెయో ఎవరనుకున్నారు? కసెరియోలకు సైనికుల్ని పంపిన పెద్రో రొసెయో గారి కొడుకే!