విశ్వేశ్వరగోళకి: మఠభూమియు వీరభద్రులును

ఐరోపాఖండమునందలి టెంప్లరు సన్న్యాసులు స్వయముగా ఖడ్గధారులై పోరాడుచు గ్రామముల ననుభవించిరి; 1312లో వారి సంఘము రద్దయ్యెను. మన గోళకీమఠమును వారితోఁ బోల్పఁదగునా? క్రీ. శ. 1261 నాఁటి మల్కాపుర శాసనమును జూడవలెను. గణపతిదేవుఁడు తన గురువగు విశ్వేశ్వరశివాచార్యునకు ఇత్తునని మాటయిచ్చిన మందడమును, రుద్రమదేవి వెలగపూడితోను కృష్ణానది లంకలతోను గూర్చి ధారవోసెను. ఆచార్యుఁ డచ్చట విశ్వేశ్వరగోళకి యను గ్రామమును నిలిపి, అఱువది బ్రాహ్మణకుటుంబములకు భూమి నొసఁగి, శేషించినదానిని మూఁడు పాళ్లు గావించెను: ఒకటి శివాలయమునకు, ఒకటి మఠమునకును విద్యార్థులకును, మూఁడవది ప్రసూతిశాలకును, ఆరోగ్యశాలకును, సత్రమునకును. ప్రసూతిశాలకు మఠభూమిలోఁ బాలుండుట విశేషము. గ్రామరక్షణకు వీరభద్రులను నియమించెను. వీరి శిరఃఖండనాది ఘోరకృత్యములమీఁదనే మన చూపు నిలుచును. శాసనమో, వీరిని ఉపాధ్యాయులతోను, వైద్యునితోను, కమ్మరి కుమ్మరులతోను ఒక్కవరుసనే చెప్పుచున్నది. కావున వీరు ఊరిని గాచు కొలువువారే కాని దండెత్తిపోవు సేన గారు.