కనీస వేతనం పెరిగితే ఎవరికి లాభం? ఎవరికి భారం?

మదనపల్లె టమాటా మండీల్లో క్రేట్లు మోసే హమాలీలు, కాయలు ఏరే ఆడవాళ్లు, నీరుగట్టువారిపల్లెలో పట్టుమగ్గాల మీద కూర్చునే నేతగాళ్లు, పుంగనూరు బజారులో దుకాణాల గుమస్తాలు, కుప్పం ప్రాంతంలో గ్రానైట్ పని చేసేవారు, బెంగళూరు రైలెక్కే యువకులు. ఫీజులకు, మందులకు సహాయం కోరి సొసైటీ గడప తొక్కేది చాలావరకు ఇలాంటి కుటుంబాలే. వారికి పని ఇచ్చే యజమానుల్లోనూ మన దాతలు ఉన్నారు. కనుక ఈ విషయాన్ని రెండు వైపుల నుంచీ చూడాలి.

కనీస వేతనం అంటే ఏమిటి?

పనివాడు ఎంత అవసరంలో ఉన్నా ఇంతకంటే తక్కువకు పని చేయించుకోరాదని ప్రభుత్వం నిర్ణయించే మొత్తమే కనీస వేతనం. ప్రపంచంలో మొదట 1894లో న్యూజీలాండ్ దీనికి చట్టం చేసింది. మన దేశంలో 1948లో కనీస వేతనాల చట్టం వచ్చింది. 2019లో పార్లమెంటు ఆమోదించిన వేతనాల కోడ్ 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చి ఆ చట్టం స్థానాన్ని తీసుకుంది. పాత చట్టం షెడ్యూలులో చేర్చిన పనులకే వర్తించేది. కొత్త కోడ్ అన్ని రకాల పనులకూ వర్తిస్తుంది.

ఈ మొత్తాన్ని ఎలా లెక్కకట్టాలో 1957లో జరిగిన 15వ భారత కార్మిక మహాసభ చెప్పింది. భర్త 1, భార్య 0.8, ఇద్దరు పిల్లలు చెరి 0.6 చొప్పున కుటుంబాన్ని మూడు యూనిట్లుగా తీసుకున్నారు. ఒక్కో యూనిట్‌కు రోజుకు 2,700 కేలరీల ఆహారం, కుటుంబానికి ఏడాదికి 72 గజాల బట్ట, ఇంటి అద్దె, వంటచెరకు, దీపం వంటి ఖర్చులకు 20 శాతం లెక్కలో చేర్చారు. పిల్లల చదువు, వైద్యం, వృద్ధాప్యం వంటి అవసరాలకు మరో 25 శాతం చేర్చాలని 1991లో రెప్టకోస్ బ్రెట్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అంటే పనివాని పిల్ల బడి ఖర్చు కూడా అతని కూలిలో ఉండవలసిన భాగమే.

ధరలు పెరిగితే కూలి కూడా పెరగాలి కదా! అందుకే మన రాష్ట్రంలో ఏటా ఏప్రిల్ 1, అక్టోబరు 1 తేదీల నుంచి కరువు భత్యాన్ని సవరిస్తారు. మూల వేతనాన్ని ఐదేళ్లకు మించకుండా సమీక్షించాలి. ఆ గడువు దాటిపోవడం మాత్రం తరచూ జరిగేదే.

పనివారికి ఏమవుతుంది?

ఒక లెక్క చూద్దాం. ఒక కూలీకి రావలసిన దానికంటే రోజుకు 60 రూపాయలు తక్కువ వస్తున్నాయనుకోండి. నెలకు 26 పనిదినాలైతే 1,560 రూపాయలు. ఏడాదికి 18,720. అదే ఇంటి పిల్లవాడికి మనం ఏడాదికి 3,000 రూపాయల స్కాలర్‌షిప్ ఇచ్చామనుకుందాం. తండ్రి కూలిలో పోయిన దానిలో అది ఆరో వంతు కూడా కాదు. తండ్రి కూలి చాలని ఇంట్లో, చదువు మధ్యలో ఆగి షెడ్డుకో హోటలుకో వెళ్లేది తొమ్మిదో తరగతి పిల్లవాడే. టీచరుగా నేను ఏటా చూస్తున్న సంగతి ఇది.

అయితే వేతనం పెరిగినంత మాత్రాన అందరికీ మేలు జరగదు. కొందరు యజమానులు ఇద్దరి పని ఒకరితో చేయించవచ్చు, పనిరోజులు తగ్గించవచ్చు, లేదా కాగితం మీద ఒకటి రాసి చేతికి మరొకటి ఇవ్వవచ్చు. ఇంట్లో కూర్చుని పీసు రేటుకు పనిచేసే ఆడవాళ్లకు పెంపు చేరడం ఇంకా కష్టం.

యజమానికి ఏమవుతుంది?

ఐదుగురు పనివాళ్లున్న ఒక హోటలులో ఒక్కొక్కరికి నెలకు 2,000 పెంచితే అదనపు ఖర్చు 10,000. రోజుకు 200 మంది తినేచోట నెలకు 6,000 ప్లేట్లు. ఒక్కో ప్లేటు మీద పడేది రెండు రూపాయల లోపే. దీన్ని కొంత ధరలో, కొంత లాభంలో సర్దుకోవచ్చు.

మగ్గాల యజమాని పరిస్థితి వేరు. ముడిపట్టు ధర అతని చేతిలో ఉండదు. చీర ధర వ్యాపారి చెబుతాడు. మజూరి పెంచితే ఆ భారం దాటించడానికి అతనికి దారి తక్కువ. ఇలాంటి చిన్న యజమాని ఇబ్బంది నిజమే. అయినా కనీస వేతనం విషయంలో యజమాని స్తోమత సాకు కాదని 1961లో ఉణిచోయి కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. చిన్న యజమానికి కావలసింది తక్కువ కూలి అనుమతి కాదు, తక్కువ వడ్డీ అప్పు, మంచి మార్కెట్.

వేతనం పెంచితే ఉద్యోగాలు పోతాయా? 1992 ఏప్రిల్‌లో అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రం గంట వేతనాన్ని 4.25 నుంచి 5.05 డాలర్లకు పెంచింది. డేవిడ్ కార్డ్, అలాన్ క్రూగర్ అక్కడి ఫాస్ట్‌ఫుడ్ హోటళ్లను పక్క రాష్ట్రం పెన్సిల్వేనియాతో పోల్చి, ఉద్యోగాలు తగ్గిన ఆధారం లేదని 1994లో రాశారు. దాన్ని కాదన్న ఆర్థికవేత్తలూ ఉన్నారు. కార్డ్‌కు 2021లో నోబెల్ బహుమతి వచ్చింది. ఈ చర్చ నుంచి మనం తీసుకోదగ్గ మాట: మితంగా, ముందుగా చెప్పి, క్రమంగా పెంచితే నష్టం తక్కువ. పైగా మన ప్రాంతంలో తక్కువ కూలికి వేరే ఖరీదు ఉంది. చేతికి పని వచ్చిన కుర్రాడు రైలెక్కి బెంగళూరు పోతాడు. యజమాని మళ్లీ కొత్తవాడికి మొదటి నుంచి పని నేర్పుకోవాలి.

దాతలుగా మనం చేయగలిగింది

కూలివాని చెమట ఆరకముందే కూలి చెల్లించమన్న ప్రవక్త (స) బోధ మనందరికీ తెలిసిందే. జకాత్ వేరు, వేతనం వేరు. పనివానికి బాకీ ఉన్న జీతాన్ని జకాత్ పద్దులో రాసుకోవడం కుదరదు. రంజాన్‌లో ఇచ్చే బట్టలు, రేషన్ సంచి కూడా ఏడాది పొడవునా తగ్గించిన కూలికి బదులు కావు.

మొదట మన దుకాణం, మన షెడ్డు, మన మండీ లెక్క చూసుకుందాం. మన పనికి ప్రస్తుత రేటు ఎంతో కార్మిక శాఖ కార్యాలయంలో అడిగి తెలుసుకుందాం. జీతం బ్యాంకు ద్వారా ఇచ్చి రిజిస్టరు రాద్దాం. అదనపు గంటలకు రెట్టింపు రేటు కడదాం. పీసు పని ఇస్తే, ఎనిమిది గంటల్లో ఒక మనిషి చేయగలిగిన పనికి రోజు కనీస కూలి గిడుతుందో లేదో సరిచూద్దాం.

మన మసీదులు, మదర్సాలు, సంస్థల్లో పనిచేసే మౌజన్, టీచర్, వాచ్‌మన్, ఊడ్చే మనిషి జీతాలు కూడా ఈ లెక్కలోకి రావాలి. కమిటీ వార్షిక బడ్జెట్ వేసేటప్పుడు ఈ జీతాల పద్దునే మొదట రాసి, మిగతా ఖర్చులు దాని తర్వాత చూద్దాం. పనివానికి న్యాయమైన కూలి అందిన ఇంటి నుంచి వచ్చే ఏడు మన సొసైటీకి ఒక దరఖాస్తు తగ్గుతుంది. ఆ మేరకు ఆ సొమ్ము పనిచేయలేని వితంతువుకో, అనాథకో, రోగికో చేరుతుంది.