గబ్బిలాయి తలకాయలో గడియారం

గబ్బిలాయి గుడ్డిదని మన పక్క శానామంది అంటాంటారు. అది నిజం కాదు. దానికి కండ్లుండాయి, కనబడతాది గూడా. చింతమానుకు, మర్రిమానుకు తలకిందులుగా యాలాడే పెద్ద గబ్బిలాయిలు కంటిచూపుతోనే, వాసనతోనే పండ్లు ఎతుక్కుంటాయి. నేను చెప్పేది వాటి గురించి కాదు. పొద్దు గూకినాక మా నందవరంలో వీధిలైటు చుట్టూ గిర్రున తిరిగే చిన్నవాటి గురించి. పురుగులు తిని బతికే ఈ చిన్నవి మొబ్బులో చెవులతో చూస్తాయి.

ఎట్లంటే, అది అరుస్తాది. ఆ అరుపు పురుగుకు తగిలి ఎనక్కి వస్తాది. బాయిలోకి కేకేస్తే మార్మోగినట్లే. అయితే ఆ అరుపు శానా సన్నం కాబట్టి మన చెవికి అందదు. అమెరికాలో గ్రిఫిన్, గలంబోస్ అనే ఇద్దరు ఈ సంగతిని ప్రయోగాలు చేసి 1941లో అచ్చేసినారు. మన గుర్రం జాషువా ‘గబ్బిలం’ మొదటి భాగం వచ్చింది గూడా ఆ ఏడే. గుడిలోకి రానియ్యని మనిషి తన బాధను గబ్బిలంతో శివునికి చెప్పి పంపిన కావ్యం అది.

ఇంగ లెక్క చూద్దాం. శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లు పోతాది. పురుగు ఒక మీటరు దూరంలో ఉంటే, పోనురాను రెండు మీటర్లు. అంటే సెకనులో వెయ్యో వంతులు ఆరు. మనం రెప్ప కొట్టేదానికి పట్టే టైములో అది పదో వంతు గూడా కాదు. ఇంత చిన్న టైమును ఆ గోరంత మెదడు ఎట్ల కొలుస్తాది?

ఒక పోలిక చెప్తా. నందవరం నుంచి ఆదోనికి తెల్లారి ఒక ఎద్దులబండి బయల్దేరింది. దాని ఎనక, అదే దావన, ఒక మోటార్ సైకిల్ బయల్దేరింది. బైకు రొంత ఆలస్యంగా కదిల్తే బండిని ఊరు దాటంగానే అందుకుంటాది. బాగా ఆలస్యమైతే ఎమ్మిగనూరు దాటినాక గానీ అందుకోదు. దావ పొడుగునా మనుషులను కూర్చోబెట్టి, ‘రెండూ మీ ముందర ఒకేసారి కనబడితేనే చెయ్యెత్తండి’ అని చెప్పినామనుకోండి. ఎవరు చెయ్యెత్తినారో చూస్తే చాలు, బైకు ఎంత ఆలస్యంగా బయల్దేరిందో తెలుస్తాది. చేతికి గడియారం అక్కర్లేదు.

గబ్బిలాయి మెదడులో జరిగేదీ ఇట్లాంటిదే. తన అరుపు గుర్తు ఎద్దులబండి మాదిరి నిదానంగా పోతాది. ప్రతిధ్వని గుర్తు బైకు మాదిరి ఎనక నుంచి వస్తాది. రెండూ ఒకేసారి చేరిన కణమే మోగుతాది. ఒక్కటే వస్తే అది పలకదు. ఇట్లాంటి కణాలు ఉండాయని 1978లో ఫెంగ్, సిమన్స్, కిక్ చూపించినారు. మరుసటేడు సూగా, ఓనీల్ మీసాల గబ్బిలాయి మెదడులో అవి వరసగా పేర్చినట్లు ఉండాయని చూసినారు. ఒక కొసన ఉండేవి సుమారు 7 సెంటీమీటర్ల దూరానికి పలికితే, ఇంగో కొసన ఉండేవి 3 మీటర్లకు పలుకుతాయి. టైమే అక్కడ దూరంగా మారిపోతాది.

ఒక అరుపు మార్మోగి రాకముందే ఇంగో అరుపు అరిస్తే లెక్క కలగాపులగం అవుతాది. అందుకే పురుగు దూరంగా ఉంటే సెకనుకు పదిసార్లే అరుస్తాది. దగ్గరికొచ్చే కొద్దీ జోరు పెంచి, పట్టుకునే ముందర నూటయాభైకి పైనే అరుస్తాది.

ఇదంతా మనకేంటికంటారా? మన పత్తిని, కందిని, శనగను తినేసే పచ్చపురుగు తల్లి రాత్రిపూట ఎగిరే రెక్కల పురుగే. దాని దాయాదిని అమెరికాలోని టెక్సాస్ పత్తి చేన్లల్ల గబ్బిలాయిలు ఏరి తింటాయి. మనం మందు డబ్బాలకు అప్పు చేస్తాం గానీ, పైసా అడగకుండా రాత్రంతా కాపలా కాసే వాటిని కరోనా వచ్చినప్పట్నుంచి పొగబెట్టి తరమాలంటాం.

పక్కనే కోలారు జిల్లా హనుమనహళ్లి గుహలో ఒక జాతి గబ్బిలాయి ఉంది. ఉస్మానియా యూనివర్సిటీకి చెందిన శ్రీనివాసులు, భార్గవి శ్రీనివాసులు లెక్కగడితే రెండు వందలు గూడా లేవని తేలింది. బండలు పగలగొట్టే పనితో దానికి ఇల్లే లేకుండా పోయే గతి వచ్చింది.

మనూర్లల్ల పాడుబడిన మంటపాలు, పాతబాయిలు, గుట్టల్లో బండ సందులు ఇంకా ఉండాయి. గబ్బిలాయిని చేత్తో పట్టుకోవద్దు, అది కొరికిన పండు తినొద్దు. జబ్బుల భయానికి ఈ జాగ్రత్త చాలు. బండ సందులో పొగబెట్టి, పొయ్యేటప్పుడు మందంగడికి దావ పట్టడం మాత్రం తెలివైన పని కాదు.