టర్కీ నవీన చిత్రములలో ప్రాచీన సంప్రదాయము



చిత్రమనగా చెట్టో, పుట్టో, మనుష్యుని మొగమో కనబడవలెనని మనకు సహజముగా తోచును. అవి యేవియు లేక రేఖలును రంగులును మాత్రమే గల పటమును చూచినచో, 'ఇందేమున్నది?' అని అడుగుదుము. అట్టి పటములను అమూర్త చిత్రములందురు. ఈ పద్ధతి 20వ శతాబ్ది ఆరంభమున ఐరోపాలో తలయెత్తినది. టర్కీ చిత్రకారులు పలువురు దానిని పారిస్ నగరమున నేర్చిరి. కాని నేర్చిన పిదప, దీనికి దగ్గరి చుట్టము తమ యింటనే పూర్వమునుండి యున్నదని గ్రహించిరి. ఆ వృత్తాంతమే నేటి ప్రసంగ విషయము.

టర్కీ మనకు బొత్తిగా సంబంధము లేని దేశము కాదు. తుది ఖలీఫా అబ్దుల్ మజీద్ గారి కుమార్తె దుర్రె షహ్వార్ 1931లో నిజాము జ్యేష్ఠపుత్రుని వివాహమాడి హైదరాబాదునకు కోడలుగా వచ్చిరి. ఆ ఖలీఫా స్వయముగా చిత్రకారుడు. ఐరోపా పద్ధతిని మనుష్యుల రూపములను తైలవర్ణములతో వ్రాసెడివారు. ఇస్తాంబులులో చిత్రకళాశాల 1883లోనే తెరవబడినది. కనుక రూపచిత్రణము తెలియక ఆ దేశమువారు అమూర్తమును పట్టుకొనలేదు. అయినను జనసామాన్యము నిత్యము చూచు కళలు వేరు. అవి మసీదు గోడలపైని అక్షరములు, నేలపై పరచు కిలిములు.

మసీదులలో ప్రాణుల బొమ్మలు వ్రాయు ఆచారము లేదు. అందుచే అక్షరమే అచ్చట అలంకారమైనది. లేఖకుడు రెల్లుకలమును ఏటవాలుగా చెక్కి, దాని మొన వేసిన చుక్కనే కొలతగా పెట్టుకొని, ఏ అక్షరము ఎన్ని చుక్కల పొడవుండవలెనో నిర్ణయించును. సుల్తాను ముద్రయగు తుగ్రాలో ఆయన పేరు నిలువు గీతలతోను, ఎడమకు సాగు వంపులతోను అల్లుకొని యుండును. చదువనేర్చినవారికి అది పేరు. నేర్వనివారికి అది అందమైన ఆకృతి.

కిలిమనగా మన జంపఖానావలె బొచ్చులేని నేత. పడుగుపై రంగునూలును ఇటునటు త్రిప్పి నేయుటచే అందు వంపులకంటె కోణములు సులభముగా వచ్చును. కనుక పొట్టేలు కొమ్మును, నడుమున చేతులుంచుకొన్న స్త్రీని సయితము పల్లెటి నేతగత్తెలు త్రికోణములుగను, మెట్లుమెట్లుగను మార్చివేసిరి. దానిని చూచి 'ఇది ఎవరి బొమ్మ?' అని అచ్చట ఎవరును అడుగరు.

1923లో టర్కీలో ప్రజాప్రభుత్వ మేర్పడెను. 1928 నవంబరు 1వ తేదీన అరబ్బు లిపికి మారుగా లాటిను లిపిని నెలకొల్పుచు శాసనము చేసిరి. పత్రికలు, పుస్తకములు, బడి పాఠములు అన్నియు క్రొత్త లిపిలోనికి మారినవి. చదువు త్వరగా వ్యాపింపవలెనను ఉద్దేశముతో చేసిన పని యిది. కాని తాత వ్రాసిన ఉత్తరమును మనుమడు చదువలేని కాలము దానితో వచ్చినది. తాత సమాధిపైని శిలాక్షరములు మనుమనికి వట్టి గీతలైనవి.

ఆ మనుమల తరములో చిత్రకారులు పుట్టిరి. ఎరోల్ అక్యవాష్ 1932లో జన్మించెను; అనగా ఆయన బడికి పోవునాటికే పాతలిపి పోయినది. ఆయన 1959లో రచించిన 'రాజుల వైభవము' అను పటమును న్యూయార్కు నగరపు ఆధునిక కళాప్రదర్శనశాల 1961లో స్వీకరించెను. పాత లేఖనకళను ఆయన మరల మరల తన పటములలోనికి తెచ్చుకొనెను. చదువుటకు చేజారిన అక్షరము చూచుటకు చేజిక్కినది.

నేతను, అద్దకమును ఆశ్రయించినవాడు బెద్రి రహ్మీ ఎయుబోఘ్లు (1911-1975). ఆయన కిలిముల రంగులను, పల్లె స్త్రీల అద్దకపు తలగుడ్డల నమూనాలను తన పటములలోనికి తెచ్చెను. తానే గుడ్డలపై అద్దకము వేసెను. 1958లో బ్రసెల్సు ప్రపంచ ప్రదర్శనమునకై ఆయన రంగురాళ్లు పొదిగి కూర్చిన గోడచిత్రము 227 చదరపు మీటర్లది. ఫఖ్రున్నిసా జైద్ (1901-1991) అను విదుషి 1951లో వ్రాసిన 'నా నరకము' అను పటము 5 మీటర్లకు మించిన పొడవు గలది. వేలకొలది ముక్కలుగా చీలిన ఆ రంగులను చూచువారికి ఇస్తాంబులులోని ప్రాచీన దేవాలయముల పొదుగుడు చిత్రములును, రంగుటద్దముల గవాక్షములును జ్ఞప్తికి వచ్చును. అద్నాన్ చోకెర్ (1927-2022) నల్లని నేలపై గుమ్మటములను, కమానులను తలపించు ఆకృతులను ఇరుప్రక్కల సరితూగునట్లు నిలిపెను.

ఇచట ఒక శంక కలదు. అర్థము తెలియని అక్షరమును అలంకారముగా వాడుట సంప్రదాయమును నిలుపుట యగునా, లేక దాని తొడుగును మాత్రము ధరించుట యగునా? ఈ శంక త్రోసిపుచ్చదగినది కాదు. కిలిము నమూనాను యథాతథముగ పటముపై దించుటవలన చిత్రము కాదు. నేతగత్తె చేసిన పనినే వేరొకరు మరల చేసినట్లగును. కాని ఆ నేతగత్తె పొట్టేలు కొమ్మును కోణముగా మార్చినప్పుడు ఏమి విడిచెనో, ఏమి ఉంచెనో గ్రహించినవాడు ఆమెకు శిష్యుడే. లేఖకుని చుక్కలకొలతను చేతికి పట్టుబరచుకొన్నవాడును అట్టివాడే. పైన పేర్కొన్న చిత్రకారుల ఉత్తమ రచనలలో కనబడునది ఈ శిష్యరికమే.

తాత ఉత్తరము చదువరాని మనుమడు దానిని చింపి పారవేయవచ్చును. లేదా పెట్టెలో దాచి తాళము వేయవచ్చును. వీరు మూడవ మార్గము త్రొక్కిరి. ఉత్తరమును ఎదుట పెట్టుకొని, ఆ చేతి నడకను తమ చేతితో నేర్చుకొనిరి.