డిమ్ కొట్టన్నా.. అంచున మనిషున్నాడు!

'యూజ్ డిప్పర్ ఎట్ నైట్' అని మన లారీల వెనక చిన్నప్పటి నుంచీ చదివాం. దాని అర్థం మాత్రం మాకు కువైట్ వచ్చాకే, వఫ్రాలో ఓ రాత్రి తెలిసింది.

తోటలో షెడ్డు పని ముగించుకుని హాఫ్ లారీలో మంగఫ్‌లోని మా రూముకు వస్తున్నాం. తోటల మధ్య ఇరుకు రోడ్డు. ఒక్క లైటు స్తంభం లేదు. ఎదురుగా ఓ బండి బ్రైట్ మీద వచ్చేసింది. మా డ్రైవర్ తమ్ముడు రెండుసార్లు డిప్పర్ కొట్టాడు. అవతలివాడు దించలేదు. 'వీడికీ తెలియాలి' అంటూ మావాడూ బ్రైట్ వేశాడు. మేమూ 'వెయ్ రా' అన్నాం! అంతే.. రెండు వెలుగుల మధ్య ఏమీ కనబడలేదు. ఆ బండి దాటిపోయాక చూస్తే రోడ్డంచున సైకిల్ తోసుకుంటూ ఓ మనిషి. మా సైడు అద్దం అతని భుజానికి జానెడు దూరంలో పోయింది. బండి ఆపి పరుగెత్తాం. పలకరిస్తే రాయచోటి వైపు మనిషే! 'ఏం గాలేదులే అన్నా' అంటున్నాడు గానీ చేతులు వణుకుతున్నాయి. మావీ వణికాయి.

డిమ్ అంటే మసక కాదు

డిమ్ అంటే తక్కువ వెలుగు అనుకుంటాం. కాదు, కిందికి దించిన వెలుగు. పాత బండ్లలోని హెచ్4 బల్బులో రెండు తీగలుంటాయి. బ్రైట్ తీగ 60 వాట్లు, డిమ్ తీగ 55. తేడా 5 వాట్లే! డిమ్ తీగ కింద చిన్న రేకు దోనె ఉంటుంది. ఎదుటివారి కళ్లలోకి ఎగిరే వెలుగును అది ఆపేస్తుంది.

1968 నాటి వియన్నా ఒప్పందం ప్రకారం డిమ్ కనీసం 40 మీటర్లు, బ్రైట్ కనీసం 100 మీటర్లు చూపించాలి. గంటకు 100 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు 28 మీటర్లు పోతుంది. మనిషి కనబడి, కాలు బ్రేకు మీదికి వెళ్లేలోపే ఆ 40 మీటర్లు అయిపోతాయి. అందుకే లైటు దించితే వేగమూ దించాలి.

ఇక్కడ మనం కుడివైపు నడుపుతాం. నడిచేవాళ్లు కనబడాలని డిమ్ వెలుగు కుడి అంచున కాస్త పైకి లేస్తుంది. మన దేశంలో ఎడమవైపు లేస్తుంది. ఊరి నుంచి తెచ్చిన లైటు ఇక్కడ బిగిస్తే ఎదుటివారి కళ్లలోనే కొడుతుంది.

కొత్త హౌస్ డ్రైవర్లకు ఇంకో మాట. ఊళ్లో ఎదుటి బండి లైటు కొడితే 'నేనొస్తున్నా, ఆగు' అని. ఫహాహీల్ ఎక్స్‌ప్రెస్‌వే మీద వెనక నుంచి కొడితే 'తప్పుకో' అని. కొందరు 'నువ్వే పో' అనీ కొడతారు. లైటును నమ్మొద్దు. బండి ఆగిందని చూసుకుని కదలండి.

మేం పాటిస్తున్నవి

* చదును నేల మీద గోడకు 10 మీటర్ల దూరంలో బండి నిలిపి డిమ్ వేస్తాం. వెలుగు గీత లైటు ఎత్తు కన్నా సుమారు 10 సెంటీమీటర్లు కింద ఉండాలి.

* వెనక సిమెంటు బస్తాలు వేస్తే ముక్కు లేచి డిమ్ కూడా బ్రైట్ అవుతుంది. లెవెల్ మీట ఉంటే తిప్పి దించాలి.

* దుమ్ము తుఫానులో, పొగమంచులో బ్రైట్ వద్దు. వెలుగు తిరిగి మన కళ్లలోనే పడుతుంది.

* మీటర్ల దగ్గర నీలం గుర్తు వెలిగిందంటే బ్రైట్ మీద ఉన్నట్టే.

నడిచేవాళ్లూ వినాలి. జూన్ 1 నుంచి ఆగస్టు 31 దాకా పగలు 11 నుంచి 4 గంటల వరకు ఎండలో పని నిషేధం. అందుకే మన లేబర్ తెల్లారకముందే రోడ్డెక్కుతారు. మెరిసే కోటు సైటుకెళ్లాక కాదు, క్యాంపు గుమ్మంలోనే వేసుకోండి.

ఎదుటివాడు దించకపోతే పోనీ.. మనం దించుదాం. కుడి అంచు గీత చూసుకుంటూ నెమ్మదిగా పోదాం. ఆ చీకట్లో నడిచేది మన ఊరివాడే కావచ్చు. కాకపోయినా, ఏదో ఊళ్లో అతని ఫోను కోసం ఎదురుచూసేవాళ్లు ఉంటారు కదా!