అన్నము, పని, ఆశ్రయము

పెద్ద అంబర్‌పేట్ నుండి విజయవాడ రాజమార్గం మీదుగా నగరాభిముఖంగా వచ్చే బాటసారి హయత్‌నగర్ దాటి, ఎల్.బి.నగర్ కూడలి చేరి, ఇంకను కొంత దూరం సాగిన పిమ్మట ఒక మెట్రో స్టేషను పేరు చదువుతాడు: విక్టోరియా మెమోరియల్. 2018 సెప్టెంబరు 24న ఈ దారిని రైళ్లు నడవనారంభించిన నాటి నుండి ఆ పేరు వేలాది జనం చెవిని పడుతూనే ఉన్నది. కాని అది ఒక రాణి పేరు మాత్రమే కాదు. 1901లో విక్టోరియా రాణి మరణించగా, ఆమె స్మృతికై ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ సరూర్‌నగరులో అనాథ పిల్లల కొరకు నెలకొల్పిన ఆశ్రమం పేరు అది.

తల్లిదండ్రులు లేని బిడ్డకు ప్రభువు గూడు కట్టించినాడు. మంచిదే. అయితే గూడు కట్టుటకు ముందే అడుగవలసిన ప్రశ్న ఒకటి కలదు. ఆ బిడ్డ అనాథ ఎందుకైనాడు?

మన దేశంలో పూర్వం బిడ్డలను అనాథలను చేసినవానిలో కరవు ముఖ్యమైనది. 1876-78 నాటి ధాత కరవును తలచుకొని తెలుగు పల్లెలు తరతరాలు వణికినవి. ఆనాడు ఒంగోలులో బాప్టిస్టు మిషనరీగా ఉన్న జాన్ క్లౌ దొర గంజి కేంద్రంతో తృప్తి పడలేదు. బకింగ్‌హాం కాలువ త్రవ్వకంలో కొంత భాగాన్ని తానే కంట్రాక్టుకు తీసుకొని, ఆకలిగొన్న మాదిగ కుటుంబాలకు, ఇతరులకు కూలి చూపినాడు. తండ్రి చేతికి పార దొరికితే బిడ్డకు అన్నం దొరుకుతుంది. బిడ్డ అనాథ కాడు.

అన్నం ఆశ చూపి మతం మార్చుచున్నారన్న విమర్శ అప్పుడే పుట్టినది. దానిని తోసిపుచ్చుట న్యాయం కాదు. ఆకలిగొన్నవాని సమ్మతి ఎంత స్వేచ్ఛమైనదో ఎవరు చెప్పగలరు? క్లౌ కూడ ఈ సందేహం ఎరిగినవాడే. అందుచేతనే కరవు పని సాగినంత కాలం బాప్తిస్మాలు నిలిపివేసినాడు. ఆ పని ముగిసిన తరువాత, 1878 జూలై 3న, ఒక్కరోజునే 2,222 మంది బాప్తిస్మం పొందినారు. చరిత్రకారులు దీనిని భిన్నరీతుల వ్యాఖ్యానించినారు. కాలువ మాత్రం అందరి పొలాల ప్రక్కగానే పారినది.

తెలంగాణంలో మెదకు చర్చి కథ ఇటువంటిదే. వెస్లియన్ మిషనరీ చార్లెస్ వాకర్ పాస్నెట్ క్షామకాలంలో దానధర్మాలకు బదులు రాళ్లపని చూపినాడని ప్రతీతి. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ పొందిన ఆ మందిర శిఖరం ఎత్తు 173 అడుగులు. దానిని చూడవచ్చినవారు రంగుటద్దాలను మెచ్చుకొందురు. ఆ గోడల క్రింద కూలి తిన్న కుటుంబాలను తలచుట అరుదు.

కరవుకు తోడు రోగం. కుష్ఠు సోకిన తల్లిని ఊరు వెలివేస్తే, ఆమె బిడ్డ తల్లి బ్రతికి ఉండగానే అనాథ అగును. డిచ్‌పల్లిలో 1915లో, నిజామాబాదు రాజా నర్సాగౌడు భూరి విరాళంతో, డాక్టరు ఇసబెల్ కెర్, ఆమె భర్త జార్జి కెర్ కుష్ఠురోగుల వైద్యశాలను స్థాపించినారు. దాత హిందువు, వైద్యురాలు క్రైస్తవురాలు, పాలకుడు ముస్లిము. రోగికి ఈ భేదాలతో పని లేకపోయినది.

నేటి ఆఫ్రికాలోను ఇదే పాఠం తిరిగి కనిపించినది. ఎయిడ్స్ వ్యాధి వలన సహారాకు దక్షిణాన కోటికి పైగా పిల్లలు తల్లినో, తండ్రినో, ఇరువురినో కోల్పోయినారు. అందరికీ ఆశ్రమాలు కట్టగల ధనం ఏ దేశానికి ఉన్నది? జింబాబ్వేలోని ముతారే ప్రాంతంలో 1993 నుండి స్థానిక చర్చిల స్త్రీలు స్వచ్ఛందంగా అనాథ బిడ్డలున్న ఇండ్లకు తరచు వెళ్లి, అవ్వల క్షేమం కనుగొని, మిక్కిలి అవసరమున్నవారికి మొక్కజొన్న విత్తనాలు, దుప్పట్లు, బడి జీతం సమకూర్చినారు. బిడ్డను అవ్వ ఒడి నుండి తీయక, ఆ ఒడినే బలపరచుట వారి మార్గం. మన దేశపు 2015 నాటి బాలల న్యాయ చట్టం కూడ ఆశ్రమవాసాన్ని చివరి ఉపాయంగానే పేర్కొన్నది.

ఆశ్రమాలు అవసరం లేదని దీని భావం కాదు. ఎవరూ లేని బిడ్డకు సరూర్‌నగరు గూడే ఇల్లు. కాని అనాథత్వం తల్లిదండ్రుల మరణంతోనే ప్రారంభం కాదు. వారి పని పోయిననాడు, రోగం వచ్చిననాడు, పొరుగువారు తలుపు మూసిననాడు మొదలవుతుంది. ఆ మొదటి దినాన్ని గుర్తించగల వారిలో బడి పంతులు ముందువాడు. హాజరు పుస్తకంలో ఒక పేరు ఎదుట వరుసగా పడిన సున్నాలు అతనికే ముందుగా కనబడును. ఆ సాయంత్రం ఆ బిడ్డ ఇంటి దాకా నడిచిన పంతులు, ఒక ఆశ్రమంలో ఒక చాప తక్కువ పరచవలసి వచ్చునట్లు చేసినవాడు.