రెండు వరుసల జవాబులు

అంతర్జాలము జాతులనెట్లు దగ్గరచేయుచున్నదో శుక్రవారపు సాయంకాలములోపల ముఖచిత్ర కథనముగా వ్రాసి యీయవలెనని సంపాదకులు సెలవిచ్చిరి. మాటలు పెరిగినంతమాత్రమున మైత్రి పెరుగునను నమ్మకము నాకెన్నడును లేదు; ఒకే లోగిలిలో దినమెల్ల మాటలాడుకొనుచునే దాయాదులు వ్యాజ్యములాడుట మనమెరుగనిదా? అయినను, ఆ యాజ్ఞను తలదాల్చి కాగితములు తిరుగవేయుచుండగా చేతికి దొరకిన యొక ప్రశ్నావళి నన్ను కదలనీయలేదు గనుక, ఈ కథనమున నధికభాగము దానికే చెందును.

1997లో అమెరికాలోని ఎమ్.ఐ.టి. యందు ఫ్రెంచి బోధించుచుండిన జిల్‌బెర్త్ ఫర్‌స్టెన్‌బర్గ్ తన సహచరులతో గూడి ‘కుల్తూరా’ యను పద్ధతిని కల్పించి, అచ్చటి విద్యార్థులను ఫ్రాన్సున ఎవ్రీ పట్టణమందలి టెలికమ్యూనికేషన్ల విద్యాలయపు విద్యార్థులతో జతపరచెను. నా చేతికి దొరకిన ప్రశ్నావళి దీనిదే. ఇరుపక్షములవారును అందలి ఒకే ప్రశ్నలకు, ఎదుటివారి జవాబులు చూడకమున్నే, అమెరికావారు ఆంగ్లమునను ఫ్రాన్సువారు ఫ్రెంచిలోను జవాబులు వ్రాయవలెను. పిమ్మట నవి తెరపై ప్రక్కప్రక్కన రెండు వరుసలుగా నిలుచును. పరాయిభాషలో వ్రాయువాడు తనకు వచ్చినంతయే చెప్పును గాని తలచినదంతయు చెప్పజాలడని యెరిగియే యీ భాషానియమము నేర్పరచిరి.

‘వ్యక్తివాదము’ అనగానే తోచు మాటలేవి యన్న ప్రశ్నకు అమెరికా వరుసలో స్వేచ్ఛ, స్వాతంత్ర్యము, సృజన యనునవి పేరుకొనగా, ఫ్రెంచి వరుసలో స్వార్థము, ఒంటరితనము అనునవి కానవచ్చెను. ఇంతకన్న రుచిగలవి సన్నివేశములు. అంగడిలో తల్లి బిడ్డను చెంపపై కొట్టుట చూచితివి, ఏమందువు? పదినిమిషములుగా వరుసలో నిలిచియుండగా నొకడు ముందు దూరెను, ఏమి చేయుదువు? బ్యాంకులో చెక్కు మార్చుకొనుచుండగా గుమాస్తా దానిపై పేరు చదివి, ఇంటిపేరుతోగాక నిన్ను నీ పేరుతోనే పిలిచెను, నీకెట్లుండును? ఈ చివరిదానిని అమెరికా విద్యార్థులు పెక్కుమంది చనువుగనో స్నేహభావముగనో భావింపగా, ఫ్రెంచివారికి అది హద్దుమీరుటగా తోచెను. ఇంటిపేరుతో పిలుచు నలవాటు లేని మనకీ ప్రశ్నయే పాలుపోదు; మనవాడు కోపించినచో ‘గారు’ లేనందులకే కోపించును.

ఇందలి నేర్పెల్ల వ్రాత మాటకు ముందు జరుగుటలోనే యున్నదని నా యభిప్రాయము. వారిని మొదటనే యెదురెదురుగా కూర్చుండబెట్టినచో మర్యాద తొందరపడి ముందునకు వచ్చి, ‘మీరును మావంటివారే’ యని భేదములన్నిటిని కప్పివేసియుండును. వ్రాసియిచ్చిన జవాబును వెనుకకు తీసికొనుట కష్టము. రెండు సాంకేతిక విద్యాలయముల పిల్లల వ్రాతలనుండి రెండు జాతుల స్వభావమును తీర్మానించుట మాత్రము నాకు సమ్మతము గాదు. కాని యిచట అర్థముకాని విద్యార్థి జవాబు వ్రాసినవారినే తిరిగి యడుగవచ్చును. ఏ గ్రంథమును చదువరికి ఈ సదుపాయము నీయదు.

ఇట్టి వినిమయముల చరిత్రకును కొంత చోటీయవలెను గదా. 1920ల దశాబ్దిలో ఫ్రాన్సున సెలెస్తాన్ ఫ్రెనే తన బడిపిల్లలచే దూరపు బడికి ఉత్తరములు వ్రాయించెను; 1959లో అమెరికా మానవశాస్త్రజ్ఞుడు ఎడ్వర్డ్ హాల్ సంస్కృతిని నోరులేని భాషగా వివరించెను; ఆపైన ఈమెయిలు, కుల్తూరా, 2018లో ఐరోపా సమాఖ్యవారి ‘ఎరాస్మస్ ప్లస్’ ఆన్‌లైను వినిమయము, 2020లో కరోనావలన తరగతులన్నియు తెరలకెక్కుట.

ఐస్‌క్రీము ముచ్చట

ఇట్టి భేదమే తెరపై గాక ముఖాముఖిని ఎదురైన తీరిది. జపాను మనోవైద్యుడు తకేవో దోయి 1950లో అమెరికాకు వెళ్లిన క్రొత్తలో ఒకరింటికి పోగా, ఆకలిగా నున్నదా, ఐస్‌క్రీము గలదని గృహస్థు అడిగెను. ఆకలి యుండియు, తొలిపరిచయమున నెట్లు ఒప్పుకొందునని దోయి లేదనెను. మరల నడుగునని ఎదురుచూచెను. గృహస్థు సరే యని యూరకుండెను. మొహమాటమెరిగిన మనకు వ్యాఖ్యానమక్కరలేదు. అడుగకయే ఎదుటివాడు కనిపెట్టి ఆదరించునను ధీమాను జపానువారు ‘అమాయె’ యందురు. తన జాతి మనస్తత్వమునకు అదియే తాళపుచెవి యని దోయి 1971లో గ్రంథము వ్రాసెను. 1982లో కొరియా విమర్శకుడు లీ ఓ-యంగ్, జపాను భాషలోనే వ్రాసిన గ్రంథమున, అట్టి మాటలు కొరియా భాషలోను గలవని చూపెను. దోయి పాశ్చాత్యులతోనే పోల్చుకొనెను గాని ప్రక్కదేశమువంక చూడలేదని ఆయన ఆక్షేపణము.